సినిమా కోసం వండిన బోనం

భక్తి సినిమా తీసేవాళ్లకు ఓపిక ఎక్కువని అనుకునేదాన్ని. ఎక్కువే. కాకపోతే ఆ ఓపిక పట్టాల్సింది ఎదుటివాళ్లు. ఈ సంగతి నాకు పాలంపేట తోవలో ఒక బీడు భూమిలో, మిట్టమధ్యాహ్నం, కాళ్లకు చెప్పులు లేకుండా నిలబడ్డప్పుడు తెలిసింది.

నేను హనుమకొండలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తాను. సినిమావాళ్లతో అంతకుముందు నాకు ఏ సంబంధమూ లేదు. ఎవరో నా నంబరు ఇచ్చారట, మేనేజర్ ఒకాయన ఫోన్ చేశాడు. గ్రామదేవత మీద సినిమా తీస్తున్నారు, అందులో ఊరి ఆడవాళ్లు బోనాలెత్తుకుని గుడికి వచ్చే సీను ఉంది. హైదరాబాద్ నుంచి అమ్మాయిలను తెస్తే సహజంగా ఉండదు, నిజమైన పల్లెటూరి మొహాలు కావాలి. ఆడవాళ్లను పోగుచేసి తీసుకురావడం, వాళ్లకు కొంచెం మేకప్ చేయడం నా పని. మా అమ్మ ఉండే ఊరు ఆ పక్కనే కాబట్టి సరేనన్నాను.

అమ్మ చెవిన వేయడమే ఆలస్యం, ఊరంతా తెలిసిపోయింది. అమ్మకు సినిమాలంటే ప్రాణం. అందులోనూ ఒక చిత్రమైన అలవాటు ఉంది. హీరోను, హీరోయిన్‌ను పట్టించుకోదు. వాళ్ల వెనకాల గుంపులో నిలబడ్డవాళ్లను చూస్తుంది. "గామె సూడు, ఎంత సక్కగ నవ్వుతాంది" అంటుంది. మేం తల తిప్పి చూసేలోపు ఆ మనిషి తెరమీంచి వెళ్లిపోతుంది. అలాంటి మా అమ్మకు ఇప్పుడు తానే ఆ గుంపులో ఉండే రోజు వచ్చింది.

"నన్ను ముంగట్నే నిలవెట్టు బిడ్డా," అంది. "ఎనుకవడితె ఎవ్వలకు కనవడ." ముందు వరసలో నీదే చోటని మాటిచ్చాను.

అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. కుండలు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి తెండి. లోపల ఏమీ వద్దు, కెమెరాకు లోపల ఏముందో కనిపించదు. అందరూ తలలూపారు. తీరా ఆ రోజు పొద్దున వ్యాను దిగుతుంటే కుండల్లోంచి వేడివేడి బెల్లమన్నం వాసన గుప్పుమంది.

"ఉత్తయే తెమ్మన్న గదనే," అన్నాను అమ్మతో.

"ఉత్త కుండ నెత్తిమీద ఎట్ల పెట్టుకుంటరే. అది బోనమెట్లయితది?"

"ఇది షూటింగే గదా."

"షూటింగైతేంది. ఎత్తుకునేది అమ్మ పేరు మీదనేనాయె."

వెనకనుంచి మా చిన్నమ్మ అందుకుంది. "అందరం తలకు పోసుకొని ఒక్కపొద్దున్నం బిడ్డా. నీ సార్లను జర జల్ది కానియ్యమను." ఒక్కపొద్దంటే మా వైపు తెలియనిది కాదు. బోనం అమ్మవారికి పెట్టిన తర్వాతే ముద్ద నోట్లోకి పోతుంది. మా అమ్మకేమో షుగర్ ఉంది.

"గోలీ ఏసుకున్నవా?" అని అడిగాను.

"పొద్దుగాల్నే ఏసుకున్న."

"ఏం తినకుంటనా?"

"పోంగనే అయిపోతదని నువ్వేనాయె చెప్పింది."

నిజమే, చెప్పాను. నాకు మేనేజర్ చెప్పాడు, మేనేజర్‌కు డైరెక్టర్ చెప్పాడు.

సెట్ చూడటానికి బాగానే ఉంది. బీడు మధ్యలో చిన్న గుడి, లోపల ఫైబర్‌తో చేసిన పెద్ద అమ్మవారు, నాలుక బయటపెట్టి, కళ్లు పెద్దవి చేసి. ముందర ఒక బోర్డు: ఇది దైవకార్యం, పాదరక్షలు నిషేధం. డైరెక్టర్ కాషాయం కండువా వేసుకుని తిరుగుతున్నాడు. ఆయన కూర్చునే చోట మాత్రం మెత్తటి తివాచీ పరిచారు. శివరాత్రి దాటిన ఎండలు, నేల పెనంలా కాలుతోంది. మా ఆడవాళ్లు ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ నిలబడ్డారు, నేనూ అంతే.

మొదట మబ్బు పట్టిందన్నారు. ఎండ రావాలట. ఎండ వచ్చింది. ఈసారి బోనాల ముందు నడవాల్సిన హీరోయిన్‌కు జడ కుదరలేదన్నారు. జడ కుదిరేసరికి డ్రోన్‌కు చార్జింగ్ అయిపోయింది. అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు, "టెన్ మినిట్స్ మేడం." ఆ పది నిమిషాలు ఎక్కడ తయారవుతాయోగాని వాటికి అంతు లేదు. అమ్మ ముందు వరసలో తన చోట గట్టిగా నిలబడి ఉంది. కొప్పులో పూలు, దాచుకున్న ఆకుపచ్చ పట్టుచీర, నెత్తిమీద కుండ. కుండ మీద దీపం గాలికి ఆరిపోయినప్పుడల్లా దించి, వెలిగించి, మళ్లీ ఎత్తుకుంటోంది.

మధ్యాహ్నం యూనిట్‌కు భోజనాలు వచ్చాయి. మా వాళ్లకూ పొట్లాలు తెచ్చారు. ఒక్కరూ ముట్టలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"తినమనండి మేడం, మళ్లీ షాట్ లేటవుతుంది."

"వాళ్లు ఉపవాసం ఉన్నారండీ."

"అది కథలో కదా మేడం. ఉపవాసం క్యారెక్టర్లకు. వీళ్లు తినొచ్చు."

నేరుగా డైరెక్టర్ దగ్గరికే వెళ్లాను. మా వాళ్లు నిజంగానే బోనం వండుకొచ్చారని, అమ్మవారికి పెట్టేదాకా తినరని, అందులో షుగర్ ఉన్న మనిషి ఉందని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"వండర్‌ఫుల్," అన్నాడు. "మొహాల్లో నాకు కావాల్సింది ఆ నీరసమే. అలాగే ఉండనివ్వండి."

ఒళ్లు మండిపోయింది. పెళ్లిళ్లలో ఎంతోమంది మొండి మనుషులను చూశాను. చీర నచ్చక పీటల మీదికి రానన్నవాళ్లనూ చూశాను. ఆకలిని మేకప్ కింద లెక్కగట్టిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

అమ్మ దగ్గరికి వచ్చి బ్యాగులోంచి బిస్కెట్ తీసి నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పుకుంది.

"నోట్లె ఏసుకున్నంక బోనం ఎట్ల ఎత్తుకుంటనే?"

"అయితే దించి పక్కకు కూసో."

"కూసుంటె నా జాగల ఇంకొకామె నిలవడ్తది."

"నీకు అమ్మవారు ముఖ్యమా, సినిమా ముఖ్యమా?" కోపం ఆపుకోలేక అరిచాను.

"రెండు ముఖ్యమే," అంది అమ్మ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

ఇలాంటి మనిషితో ఏం చేయాలి. ఒక పక్క ఆయన, ఒక పక్క ఈమె. ఇద్దరికీ కావాల్సింది ఒకటే షాట్, మధ్యలో నలిగేది నేను.

కాసేపటికి దీపం మళ్లీ ఆరిపోయింది. అమ్మ కుండ దించి అగ్గిపుల్ల గీసింది. వెలగలేదు. ఇంకొకటి గీసింది, వెలిగిందిగాని ఒత్తి దగ్గరికి పోవడం లేదు, చెయ్యి వణుకుతోంది. మెడంతా చెమట. "ఏందే, దీపం రెండు కనవడ్తాన్నయ్," అని మెల్లగా నవ్వింది. తిండి లేక షుగర్ పడిపోతోందని నాకు భయం వేసింది. ములుగు దవాఖానకు బయల్దేరినా తోవలోనే ఏదైనా కావచ్చు.

"ఇగ చాలు," అన్నాను అందరితో. "సినిమా సంగతి తర్వాత. బోనాలు ఇప్పుడే పెట్టుండ్రి."

ఆడవాళ్లు గుడిలోని ఫైబర్ బొమ్మను ఎగాదిగా చూశారు. "గీ బొమ్మకు ఎట్ల పెడ్తం బిడ్డా," అంది చిన్నమ్మ. నేను అప్పుడు అమ్మవారి గురించి వాదించే స్థితిలో లేను. చిన్నమ్మే గట్టు మీదికి పోయి ఒక రాయి వెతికి తెచ్చింది. కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఫైబర్ బొమ్మ కాళ్ల ముందర నిలబెట్టింది. పోచమ్మ అయింది. మా ఊళ్లో పోచమ్మ కూడా అట్లాంటి రాయే. ఒకరి వెనక ఒకరు పసుపునీళ్లు సాక పోశారు, అవి రాయి మీంచి కారి బొమ్మ కాళ్లదాకా పారాయి. ఇస్తరాకుల్లో అన్నం పెట్టి దీపాలు వరసగా దించారు.

సెట్ వేసినాయన లబోదిబోమంటూ వచ్చాడు. "కంటిన్యూటీ పోయింది, నిన్నటి షాట్‌లో ఈ రాయి లేదు," అని అరిచాడు. నేను గుడి గుమ్మంలో రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాను. నన్ను తోసుకుని లోపలికి పోయే ధైర్యం ఆయనకు లేకపోయింది. వెనక అమ్మ తన ఇస్తరాకు పెట్టి దండం పెట్టుకుంటోంది.

సరిగ్గా అప్పుడే మైకులో కేక వినిపించింది. షాట్ రెడీ, బోనాల లేడీస్ రావాలి.

అమ్మ నావైపు చూసింది. "మళ్ల ఎత్తుకోవచ్చానే?" అని అడిగింది. నన్నెందుకు అడిగిందో తెలియదు. దించి పెట్టిన బోనాన్ని మళ్లీ ఎత్తుకోరని నాకంటే తనకే బాగా తెలుసు. నేను కుండలోంచి బెల్లమన్నం తీసి ముద్ద చేసి నోట్లో పెట్టాను. ఈసారి మొహం తిప్పుకోలేదు.

జనరేటర్ వ్యాను నీడలో కూర్చుని అందరూ తిన్నారు. అమ్మకు చెమట ఆగింది, చెయ్యి నిలిచింది. డైరెక్టర్ తిట్టుకుంటూ గుడి దగ్గరికి వెళ్లాడు. లోపలికి చూసి ఆగిపోయాడు. రాయి, పసుపునీళ్లు, వరసగా అన్నం, వెలుగుతున్న దీపాలు. "ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు," అన్నాడు. హీరోయిన్‌ను తెచ్చి వాటి ముందు కూర్చోబెట్టి సాయంత్రందాకా తీశాడు. అమ్మ లేచి మొహం తుడుచుకుని, చీర సర్దుకుని కాసేపు అటే చూసింది. మా వాళ్లనెవరినీ పిలవలేదు. మేకప్ చెదిరింది, చేతులకు అన్నం ఉంది, వద్దన్నారట. మర్నాటి నుంచి నన్ను కూడా రావద్దన్నారు. బోనాలతో నడిచే సీను తర్వాత హైదరాబాద్ దగ్గరే ఎక్కడో, అక్కడి అమ్మాయిలతోనే తీసుకున్నారని విన్నాను. సహజత్వం సంగతి ఏమైందో అడగడానికి మేనేజర్ నా ఫోన్ ఎత్తలేదు.

సినిమా వచ్చినప్పుడు అమ్మ వాడకట్టు ఆడవాళ్లందరినీ వేసుకుని హనుమకొండ వచ్చింది. అదే ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. థియేటర్‌లో అమ్మాయిలు బోనాలెత్తుకుని నడిచే సీను వచ్చింది. తర్వాత గుడి వచ్చింది. మా రాయి తెరనిండా కనిపించింది, ముందున్న కొందరు చేతులు జోడించారు. "గదే మన రాయి," అంది చిన్నమ్మ. "ఎడమ దిక్కు ఇస్తరాకుల అన్నం నాదే," అని అమ్మ గట్టిగా అంది. వెనకనుంచి ఎవరో మెల్లగా మాట్లాడమన్నారు. అంతే, హీరోయిన్ మొహం వచ్చింది.

తిరిగి వస్తుంటే ఆటోలో అందరూ ఒకటే మాటలు. దిగాక అమ్మ నా చెయ్యి పట్టుకుని అంది, "మంచిగనే తీసిన్రు బిడ్డా. జర నా మొకం గూడ వడితె బాగుండు. ఇంకొంచెంసేపు ఆగితే అయిపోవునేమో."

"ఆగితే దవాఖానల పడుదువు," అన్నాను.

"తెలుసు తియ్యి," అంది.

తెలిసినా బాధ బాధే. నాకూ అంతే. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అంటాను. అయినా ఆ సాయంత్రం అమ్మ చీర సర్దుకుని పిలుపు కోసం చూసిన చూపు గుర్తొస్తే ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది.

మొన్న ఆ సినిమా టీవీలో వచ్చింది. నేను అమ్మ దగ్గరే ఉన్నాను. అమ్మాయిలు బోనాలతో నడుచుకుంటూ వస్తున్నారు. ముందు వరసలో మధ్యన ఒక పిల్ల, కుండను ఒంటిచేత్తో పట్టుకుని, నవ్వుకుంటూ నడుస్తోంది. అది అమ్మ నిలబడాల్సిన చోటు.

"గామె సూడు," అంది అమ్మ, ఎప్పటిలాగే. "ఎంత సక్కగ నడుస్తాంది."

నేను చూడలేక రిమోట్ తీసుకుని టీవీ కట్టేయబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండవే, నా అన్నం ఇంక రాలే."