పాట కింద దాచిన మాట

మొన్న మా మధురవాడ అపార్టుమెంటులో పక్కింటావిడ ఫోను పట్టుకుని వచ్చి, ఇందులో అలల చప్పుడు కింద చెవికి వినబడని మాటలున్నాయట, రోజూ వినిపిస్తే మా ఆయన సిగరెట్లు మానేస్తాడట, మీరు సైకాలజీ చదివారు కదా, నిజమేనా అని అడిగింది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికేముంది, నా మొహం! నలభై ఏళ్ళ కిందట నేను చేసిన పనే అది.

మాది సముద్రం ఒడ్డున జాలర్ల పేట. అక్కడ కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని నేనేనని నాన్న పొంగిపోయేవాడు. చదువు కాగానే మనస్తత్వ పరిశోధనశాలలో సహాయకురాలి ఉద్యోగం దొరికింది. తెర మీద ఒక మాటను రెప్పపాటు కన్నా తక్కువసేపు మెరిపించే యంత్రం మీట నొక్కడం నా పని. ఎదుట కూర్చున్నవాళ్ళు ఏమీ కనబడలేదనేవాళ్ళు. అయినా తర్వాత చూపించిన వాటిలో దానికి దగ్గరి మాటను కాస్త త్వరగా గుర్తుపట్టేవాళ్ళు. నేను మురిసిపోతుంటే మా మాస్టారు మాత్రం, అది మనసును ఒక్క క్షణం తాకుతుందేమో గానీ మనిషి అలవాటును మార్చేస్తుందని నమ్మకమ్మా అనేవారు. వింటే కదా!

నాన్న తాగేవాడు. తాగి ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, ఒళ్ళు మాత్రం గుల్లయిపోతోంది. వేటకెళ్ళే మనిషితో వద్దు అన్న మాట అనకూడదని మావాళ్ళ పట్టింపు. అంటే మనిషి తిరిగి రాడని అమ్మ భయం. రోజూ వేటకే పోయే మనిషికి ఇంకెప్పుడు చెప్పేది?

అందుకని పరిశోధనశాలలో రెండు టేపురికార్డర్లు పక్కపక్కన పెట్టి, నాన్నకిష్టమైన పాటలన్నీ ఒక కేసెట్టులోకి ఎక్కించి, వాటి కింద వినీ వినబడనంత సన్నగా, తాగొద్దు నాన్నా, మాకు నువ్వు కావాలి అని నా గొంతు కలిపాను. చెవికందని మాటకి అపశకునం అంటదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత తెలివో!

మధ్యాహ్నాలు ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటూ నాన్న ఆ కేసెట్టే పెట్టుకునేవాడు. నేను ఆశగా చూసేదాన్ని. సాయంత్రమయ్యేసరికి మామూలే. రెండేళ్ళకి కాళ్ళు వాచి, కళ్ళు పచ్చబడి ఆసుపత్రి పాలయ్యాడు.

అక్కడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మీ, ఆ పాటల కింద నీ గొంతుంది గదే. ఏటన్నావో ఒక్క ముక్కా తెలీనేదు గానీ, నువ్వు డూటీకెల్లిపోయినా ఇంట్లో ఉన్నట్టుంటాదని అదే ఏసుకునీవోడ్ని. ఏటన్నావే?" అన్నాడు.

ఇక వేట లేదు, పడవ లేదు, అప్పుడైనా అనొచ్చు. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఏమని చెప్పను? "ఏటీ నేదు నాన్నా, నానూ పాడాను" అనేశాను. నవ్వి కళ్ళు మూసుకున్నాడు. నాలుగో రోజున పోయాడు. ఎదురుగా అని ఉంటే వినేవాడో కాదో, ఈ జన్మకి నాకు తెలియదు.

పక్కింటావిడకి, ఆ ఫోను పక్కన పెట్టి మీ ఆయనతోనే చెప్పండమ్మా అన్నాను. ఆ మర్నాడు పేటకెళ్ళాను. వేటకి బయల్దేరుతున్న మా తమ్ముణ్ణి వాడి కూతురు వాకిట్లో నిలబడి, "తాగీసొచ్చావంటే తలుపు తియ్యను నాన్నా, సెప్పేత్తన్నాను! తాగొద్దంటే తాగొద్దు!" అని వీధంతా వినేలా కసిరింది. కాలం మారింది, అక్కడ ఉలిక్కిపడ్డది నేనొక్కదాన్నే. మధ్యాహ్నానికల్లా తమ్ముడి పడవ చక్కగా తిరిగొచ్చింది. ఒడ్డున నేనే ఇసుకలో చతికిలబడి ఏడ్చాను.