డేట్ ఆపే గోళీలు

కొత్త చీర కట్టుకుని ఎడమకాలికి పట్టీ పెట్టుకోబోతే కొక్కెం రెండో కొసకు అందలేదు. అంతకుముందు రోజు మడమ మీదికి జారుతూ ఉండిన పట్టీ అది. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ పిక్క నున్నగా బిగుసుకుపోయి ఉంది. ముట్టుకుంటే వేడి. పనిచేసిన నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు. నాకు భయం పుట్టింది అప్పుడే.

ఆ రోజు కేతేపల్లి దగ్గరి మా అత్తగారి ఊళ్లో ఎల్లమ్మకు బోనాలు. పెద్దకోడలిని కాబట్టి మా ఇంటి బోనం నేనే ఎత్తాలి. సరిగ్గా ఆ వారమే నెలసరి రావలసి ఉంది. దానికి ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. మా వైపు పెండ్లయినా పండుగైనా ఆడవాళ్లకు ఒకటే ఉపాయం. మెడికల్ షాపులో డేట్ ఆపే గోళీలంటే చాలు, చీటీ అడగకుండా కాగితంలో చుట్టి ఇస్తారు. మా అత్తమ్మే తెప్పించింది. వారం నుంచి వేసుకుంటున్నాను.

"అత్తమ్మా, కాలు వాసింది, జర చూడు."

"పొద్దటి సంది నిలబడే ఉన్నవ్, నీరు దిగింది. బోనం దించినంక పండు."

"బాగా నొస్తాంది."

"తల్లి ముంగట నొప్పి అనకు బిడ్డా."

బోనం ఎత్తుకుని గుడిదాకా నడిచాను. సాయంత్రం అత్తమ్మ చెల్లెలు ఆముదం వేడిచేసి తెచ్చి నా పిక్కను కింది నుంచి పైకి తోమింది. అరిచాను.

"ఇద్దరిని కన్నవ్, గీ దానికే గింత లొల్లా? డిగ్రీ చదివినోళ్ల కాళ్లు పూలతోని చేస్తరా ఏంది?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు.

మర్నాడు వాకిలి ఊడుస్తుంటే ఛాతీలో పొడిచినట్టయింది, ఊపిరి అందలేదు. చీపురు పట్టుకునే కూలబడ్డాను. అప్పుడు తెచ్చారు ఆటో.

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ కాలు చూస్తూనే, "గోళీలేమన్నా వేసుకున్నవా?" అని అడిగింది. స్కానింగ్‌లో తొడదాకా రక్తం గడ్డకట్టి ఉంది. అందులో ముక్క ఒకటి తెగి ఊపిరితిత్తికి చేరింది. "ఎవరు తోమిన్రు గీ కాలు? చంపుదామనుకున్నరా?" అని ఆమె అడిగితే అత్తమ్మ గోడకేసి చూసింది. డాక్టరమ్మ అలా అడగడం నాకు నచ్చింది. కానీ వెంటనే నా వైపు తిరిగి, "చదువుకున్నదానివి, నీకన్నా తెల్వదా?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా డిగ్రీలో ఈ గోళీ గురించి ఒక్క ముక్క లేదు. అమ్మినవాణ్ణి అడగరు. మూడు రోజులు నెత్తురు పోతే దేవత మైలపడుతుందన్నవాళ్లను అడగరు. మంచం మీద ఉన్నదాన్నే అడుగుతారు.

పొట్టకు సూదులు, తర్వాత నెలల తరబడి రక్తం పలచబరిచే మందులు. అవి కొన్నాళ్లు ఆపి రక్తపరీక్ష చేశారు. రక్తం అతిగా గడ్డకట్టకుండా కాపాడే ప్రొటీన్ ఒకటి నాలో పుట్టుకతోనే తక్కువట. చాలామందికి ఏమీ చేయని గోళీ నా వంటి రక్తానికి ప్రమాదం. ఇది కుటుంబాల్లో వస్తుంది, నా పిల్లలకూ ఉండొచ్చు అన్నారు.

ఆ మాట మా అమ్మకు చెప్పాను. ఆమె విని, "మీ మేనత్తకు గూడ బాలింతప్పుడు కాలు గిట్లనే వాసింది. గాలి సోకిందన్నరు" అంది.

మా మేనత్త బాలింతగా చనిపోయిందని తెలుసు. కాలు వాసిందని ఎవరూ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలే అమ్మా?"

"పెండ్లి కావాల్సిన పిల్లవు. ఎట్ల చెప్పుదు?"

నన్ను కాపాడే మాటను నా పెండ్లి కోసం దాచారు. ఇద్దరు పిల్లల్ని కన్నాను, రెండుసార్లూ అదృష్టం కొద్దీ బతికాను.

నిన్న సాయంత్రం అత్తమ్మ మళ్లీ కాగితం పొట్లం తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. ఏడాది తిరిగి వచ్చే వారం మళ్లీ బోనాలు.

"అత్తమ్మా, నేను చచ్చి బతికిన."

"ఒక్కసారికేం కాదు. తక్కువ వేసుకో. ఊరంతా వేసుకుంటలేరా?"

పొట్లం విప్పి గోళీలన్నీ బూడిదలో కలిపాను. ఆమె తిట్టడం మొదలుపెట్టింది. చివరికి గొంతు తగ్గించి, "నీ రోగం సంగతి పిల్లకు చెప్పకు. బయట పడితే దాన్నెవ్వడు చేసుకోడు" అంది. మా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అందరూ పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను. రాసినకొద్దీ కోపం పెరిగింది, నిద్ర పట్టలేదు.

తెల్లవారాక, బడికి పోయే ముందు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. బిడ్డకు ఎనిమిదేళ్లు, కొడుక్కి ఆరు. అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. ఉండనీ అనుకున్నాను.

"నా రక్తం తొందరగా గడ్డకడ్తది. మీ రక్తం గూడ గట్లనే ఉండొచ్చు. అది తప్పు గాదు, సిగ్గు గాదు. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదలు గీ ముచ్చటే చెప్పాలె. కాలు వాస్తే ఎవ్వరితోని తోమిచ్చుకోవద్దు, దవాఖానకు పోవాలె."

"నాక్కూడానా?" అన్నాడు కొడుకు, తన పిక్క తడుముకుంటూ.

"నీక్కూడా." బిడ్డ వైపు తిరిగాను. "నువ్వు పెద్దగయినంక పండుగకని గోళీ ఇస్తే వేసుకోకు."

"నాయినమ్మ ఇస్తే?"

"నాయినమ్మ ఇచ్చినా వేసుకోకు. పెండ్లి ఆగుతదని నేనే ఏడ్చుకుంట ఇచ్చినా వేసుకోకు."