చచ్చి లేచే రాజు

మొన్న మా నాటక తరగతిలో పాత ప్రొజెక్టరును దులిపి వెలిగించారు. బల్బు వేడికి దుమ్ము మాడిన వాసన గదంతా పట్టింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఆ వాసన తగిలితే ఈ వయసులోనూ నేను పట్టుబడ్డ దొంగనైపోతాను. నన్ను పట్టుకున్నవారు దేవదానం మాస్టారు. కావలిలో మాకు తెలుగు చెప్పి, నాటకాలు వేయించినాయన.

అవి అరవైల తొలి రోజులు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి చిట్టమూరు దాకా మా పద్యనాటకం ఆడని ఊరు తక్కువ. అందులో నేను రాజుని, ఇచ్చిన మాట కోసం విషం తాగి చనిపోయేవాణ్ణి. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు, అందరికంటే ఎక్కువగా నేనే అనుకునేవాణ్ణి. నేను పద్యం ముగించి కూలగానే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. ఆ కేక పడితే శవమైనా లేవాల్సిందే, అది మా నాటకాల ఆచారం. లేచి, కిరీటం సర్దుకుని, హార్మోనియం శ్రుతి అందుకుని, మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాణ్ణి. ఒక ఊళ్లో నాలుగుసార్లు చచ్చానని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మాస్టారికో పిచ్చి ఉండేది. పేరున్న పాత నాటకాలు రంగస్థలం మీద ఆడుతుండగా తీసిన రీళ్లను ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి తెప్పించేవారు. వాటిని బిస్కెట్ల డబ్బాలో దాచి, ఆదివారం ఆరాధన అయ్యాక మిషన్ బడి ప్రొజెక్టరులో మాకు వేసి చూపేవారు. “బొమ్మలు గీసేవాడికి పాత బొమ్మలుండాయి. పాడేవాడికి రికార్డులుండాయి. మన నాటకం తెల్లారితే గాలికి పోతాది. మళ్లీ చూడకుండా ఏం నేర్చుకుంటారబ్బయా?” అనేవారు. తెలియని భాషలో ఏడ్చే తెల్లదొరలను చూసి మేము కిసుక్కుమనేవాళ్లం. ఆయన మాత్రం ఎవరెక్కడ నిలబడ్డారో కాగితం మీద గీసుకునేవారు.

ఒక ఏడు బడి వార్షికోత్సవంలో మా నాటకం ఆఖరి రంగాన్ని మిట్టమధ్యాహ్నం వేయించారు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గర చిన్న కెమెరా ఉంది. దానికి ఎండ కావాలి, శబ్దం మాత్రం పట్టదు. కొన్ని నెలలకు రీలు తయారై వచ్చింది. మాస్టారు కిటికీలకు దుప్పట్లు కట్టి మా బృందాన్ని కూర్చోబెట్టారు. నన్ను నేను చూసుకోబోతున్నానని తల దువ్వుకుని మరీ వెళ్లాను.

గొంతు లేదు. యంత్రం టకటక తప్ప ఏమీ లేదు. తెర మీద ఒక మనిషి నోరు తెరిచి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియదు. కూలాడు. రాణి పరుగున వచ్చి వాడి తల ఒళ్లోకి తీసుకుంది. రాణి వేషం మా బృందంలోని రత్నమ్మక్కది. అంతలో చచ్చినవాడు ఒక కన్ను తెరిచాడు. నవ్వాడు! ఆమె ఒళ్లోంచి తల లాక్కుని, ఆమె కొంగు తొక్కుకుంటూ ముందుకొచ్చాడు. నేను నిర్ఘాంతపోయాను. వాడు నేనే. వెనక అక్క ఖాళీ ఒడిని చూస్తూ ఏడుస్తూనే ఉంది. నేను పాడి వచ్చి పడేదాకా శవం లేని శోకాన్ని ఒక్కతే మోసింది. బల్బు మీద మాడుతున్న దుమ్ము వాసనలో, పట్టుబడ్డ దొంగలా తల దించుకున్నాను.

“ఆపేయండి మాస్టారూ” అన్నాను.

ఆయన రీలు వెనక్కి తిప్పారు. “ఇదబ్బయా అసలైన వన్స్ మోర్. ఈసారి నిన్ను చూసుకోబాక. అక్కను చూడు” అని మళ్లీ వేశారు.

దుప్పట్లు విప్పాక అడిగాను. “రెండేళ్లుగా ఒక్క మాటన్నా చెప్పలేదేందక్కా?”

“చెప్తే నీకు వినపడతాదా? నువ్వు చచ్చినాక నాకు రెండు మాటలుండాయి నాయనా. రాసినాయన రాసినాడు. ఒక్కనాడన్నా ఎవురికీ వినపడలా.” ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

తర్వాతి ఆట చిట్టమూరులో. ఈసారి చచ్చాక లేవనన్నాను. నువ్వు లేవకపోతే వచ్చే ఏడు మనల్ని పిలిచే ఊరుండదని హార్మోనిస్టు బెదిరించాడు. మాస్టారినడిగితే, “నీ చావు నీ ఇష్టం” అన్నారు.

ఆ రాత్రి కూలి కళ్లు మూసుకున్నాను. వన్స్ మోర్! హార్మోనియం శ్రుతి ఇచ్చింది. కాళ్లు వాటంతటవే కదలబోయాయి, బిగబట్టాను. మళ్లీ కేక. ఈలలు. ఒక మట్టిపెళ్ల రొమ్ము మీద పడింది. అక్క నా తల ఒళ్లోకి తీసుకుని ఆ మట్టి దులిపింది. అప్పుడు ముందు వరసలోంచి ఎవరో అన్నారు. “ఒరే, నిజంగానే చచ్చినాడేమోరా!”

అంతమందీ హడలిపోయారు. పసిపిల్ల ఏడుపు కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో రత్నమ్మక్క నెమ్మదిగా అంది. “లోకానికిచ్చిన మాట నిలుపుకున్నారు స్వామీ. నాకిచ్చిన మాట?”

నా పక్కనే రెండేళ్లుగా పలుకుతున్న మాటను అప్పుడు మొదటిసారి విన్నాను. అది దేని గురించి రాసిన నాటకమో ఆ నిమిషం దాకా నాకు తెలియదు. చచ్చినవాడి కంటి కొసన నీళ్లు కారితే అక్క కొంగుతో తుడిచి కప్పేసింది.

ఆ ఊరు మమ్మల్ని మళ్లీ పిలవలేదు. మాస్టారు పోయాక బిస్కెట్ల డబ్బా నాకు చేరింది. ఇప్పుడు నేనూ పిల్లలకు నాటకాల రీళ్లు వేస్తాను. మొదటిసారి శబ్దం తీసేసి, మాట్లాడేవాణ్ణి వదిలి పక్కవాళ్లను చూడమంటాను. మా రీలు మాత్రం ముడుచుకుపోయింది, ఇక ఆడదు. అక్క మాటలు రెండూ నాకు కంఠస్థమే. నాలుగుసార్లు చచ్చి పాడిన పద్యం మాత్రం ఎంత తలుచుకున్నా రావడం లేదు.