సోమవారం అన్నం

మొన్న విజయవాడ వన్ టౌన్‌లో ఒక బడి వంటగది దాటుతుంటే గంజి వార్చిన ఆవిరి ముఖానికి తగిలింది. మధ్యాహ్న భోజనాల తనిఖీయే నా ఉద్యోగం కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు. అయినా అది తగిలిన ప్రతిసారీ మనసు ఒకచోట నిలవదు. మరియమ్మగారు గుర్తొస్తారు.

ఉయ్యూరు దగ్గర చెరకు తోటల మధ్య ఉన్న బడిలో ఆవిడ వంట చేసేవారు. అప్పట్లో నేను అక్కడ కొత్తగా చేరిన టీచర్ని, భోజనాల బాధ్యత నాది. సోమవారాలు ఆవిడ ఎసట్లో బియ్యం ఎక్కువ పోయడం చూసి, ఇలాగైతే నెలాఖరుకి చాలవని మందలించాను. ఆవిడ గరిటె ఆపకుండానే, "నిన్న బడి లేదు కదండీ," అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి వస్తూ నన్ను చెరకు కొట్టేవాళ్ల గుడిసెల వైపు తీసుకెళ్లారు. మా మూడో తరగతి జ్యోతి గుమ్మంలో కూర్చుని చెరకు ముక్క నములుతోంది. పొద్దుటి నుంచి అదే తిండని వాళ్ల నాయనమ్మ మామూలుగా చెప్పింది. మర్నాడు బియ్యం నేనే దగ్గరుండి ఎక్కువ పోయించాను. అప్పటి నుంచి ప్రతి సోమవారం అంతే.

ఆ చలికాలంలోనే ఒక అధికారి వచ్చారు. బియ్యం తగ్గడం చూసి, ఎవరు చెప్తే ఇలా చేశారని అడిగారు. "నేనే వేశానండీ. టీచర్ గారికి తెలీదు," అన్నారు మరియమ్మగారు. నా వైపు చూడనైనా లేదు. నేను తల వంచుకున్నాను. వారం తిరక్కుండా ఆవిడ్ని తీసేశారు.

క్షమించమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ చేటలో పెసలు చెరుగుతున్నారు. నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. "కొత్తగా వంటకి వచ్చినావిడకి సోమవారం సంగతి చెప్పారా అమ్మా?" అని అడిగారు. చెప్పలేదు. భయపడ్డాను. మర్నాడు బడికి వెళ్లి చెప్పాను.

అధికారినయ్యాక, సెలవు రోజుల్లోనూ పిల్లలకి అన్నం పెట్టాలని, సోమవారం కొలత పెంచాలని పైకి రాస్తూనే ఉన్నాను. పరిశీలిస్తామని జవాబొస్తుంది. మళ్లీ రాస్తాను. పోయిన నెల హనుమాన్ జంక్షన్ దగ్గరి బడిలో బియ్యం తక్కువగా ఉన్నాయి. సోమవారాలు ఇంకాస్త వేస్తున్నానని వంటావిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, నేల చూస్తూ ఒప్పుకున్నారు. నాకు తెలిసే వేస్తున్నారని తనిఖీ రిజిస్టరులో నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆ రోజు శనివారం, మర్నాడు బడి లేదు.