సన్యాసి కారు మీద మోగని కడ్డీలు

సన్యాసికి కావలసినవి కారు మీద కుర్చీని మోసే కడ్డీలు. మోయాలి గానీ మోగకూడదు. కోలాలంపూరులో ముప్ఫయ్యేళ్లు టాక్సీ తోలి, ఆ పాత బండితోనే బాగన్ దాతుక్ అనే చిన్న ఊరు చేరాడు. డిక్కీ నిండా బండిని నడిపే గ్యాస్ సిలిండరే. భార్య కూర్మమ్మ చక్రాల కుర్చీ వెనక తలుపులోంచి పట్టదు. ఇక మిగిలింది బండి నెత్తి. ఆ నెత్తి మీద కడ్డీలు బిగించడానికి రెయిల్స్ లేవాయె!

కూర్మమ్మకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. ఒకప్పుడు ఆమె నోటికి వీధి వీధంతా హడలేది. ఇప్పుడు ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. కానీ వారం వారం తెలుక్ ఇంతాన్ ఆసుపత్రికి వెళ్తూ, ఆమె పుట్టిన కొబ్బరి తోట పక్క గతుకుల రోడ్డెక్కగానే పెదవులు కదిలేవి. సన్యాసి కళ్లారా చూశాడు. పైన ఎలాగో తగిలించిన చవక కడ్డీలు గాలికి ఈలలేసి చంపుతుంటే పాపం, వినేదెలా? కారు ఆపితే పెదవులూ ఆగిపోయేవి. మెల్లగా తోలితే వెనక లారీలవాళ్లు హారన్లతో వాయించేవాళ్లు.

"మాటాడతంది, నాకే ఇనబడతాలేదు," అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

కడ్డీలకి తాడు చుట్టాడు. రబ్బరు ముక్కలు దూర్చాడు. ఈల కాస్తా ఏడుపైంది. చివరికి కార్ల సామాను అమ్మే రూబన్ దగ్గరికి పోయాడు.

"రెయిల్స్ లేవు గదా మావా, తలుపు సందులో కొక్కేలేసి బిగించాల. నలుపలకల కడ్డీ గాలికి అరస్తాది. గుడ్డు మాదిరి ఉన్నది తీసుకో లా," అన్నాడు రూబన్, మలేషియావాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

"సప్పుడు రాదు గదా?"

"కుర్చీని పడుకోబెట్టి గుడ్డ బిగించి కట్టు. నూరు స్పీడు మీద పోయినా రాదు."

"నూరెందుకురా! మీ అత్త మాట ఇనబడితే సాలు."

రూబన్ కొత్త కడ్డీలు ఎక్కించి, ప్రతి మరనూ రెండేసి సార్లు బిగించాడు.

ఆ గురువారం ఆసుపత్రి దారిలో బండి చప్పుడు లేకుండా సాగింది. సన్యాసి ఏసీ ఆపాడు, అద్దాలన్నీ మూశాడు. కొబ్బరి తోట వచ్చింది. పక్క సీట్లో కూర్మమ్మ పెదవులు కదిలాయి. ఆయన అటు వంగి చెవి పెట్టాడు.

"సెప్పవే కూర్మీ, ఇంటన్నాను."

గొంతు లేదు. ఊపిరి తప్ప ఇంకేమీ వినబడలేదు. చక్రం గతుకులో పడింది, సడలిన పెదవి అదిరింది. ఇంకో గతుకు, ఇంకోసారి. నున్నటి రోడ్డు రాగానే ఆగిపోయింది. ఇన్ని నెలలూ ఆమె చేత మాట్లాడించింది ఆ రోడ్డేనని, అయ్యో, ఆ పిచ్చివాడికి అప్పుడు తెలిసింది.

సన్యాసి తన పక్క అద్దం పూర్తిగా దించేశాడు. గాలి హోరుమంటూ లోపలికొచ్చింది.

"మాటాడు కూర్మీ, మాటాడు," అన్నాడు. "ఈ గాలికి నాకే ఇనబడతాలేదు."