శనివారం ఆపకుండ్రి

కల్లూరులో మా తమ్ముడి కూతురి పుట్టువెంట్రుకలకు వెళ్లి ఉన్నాను. రాత్రి భోజనాలు వడ్డిస్తుండగా మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, నాయిన పోయిండు," అన్నాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, వసారాలో గోడకు ఒరిగినవారు అట్లాగే ఉండిపోయారట. అవతలి నుంచి ఏడుపు ఆపుకుంటూ మళ్లీ అన్నాడు: "జల్దీ రా వదినా. నువ్వు రానిది ఇక్కడ ఎవ్వలం పాట ఎత్తలేకపోతున్నం."

మామగారు పోతే కోడలు వచ్చి పాట ఎత్తడమేమిటని చదివేవారికి అనిపించవచ్చు. అది చెప్పాలంటే మా మామయ్య ఎట్లాంటి మనిషో చెప్పాలి.

మా అత్తగారి ఊరు పర్ణశాలకు పోయే దారిలో గోదావరి ఒడ్డున ఉంటుంది. ఇంటి ముందు మిరపచేలు, ఇంటి వెనక కాస్త దూరం నడిస్తే అడవి. మామయ్యకు కొద్దిపాటి చేను. ఎండలు ముదిరితే ఇంటిల్లిపాదీ బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేవారు. ఎంత పని ఉన్నా శనివారం పొద్దుగూకే వేళకు అందరూ ఇంట్లో ఉండాల్సిందే. ఆ రోజు వసారా అలకడం, ముగ్గు వెయ్యడం అత్తమ్మకు కూడా వదిలేవారు కాదు. తానే చేసేవారు. రాములవారి పటం ముందు దీపం పెట్టి, చాపలు పరిచి, "రాండ్రి, రాండ్రి, ఆయన వచ్చి కూసున్నడు, మనమే ఆలస్యం," అని కేకేసేవారు. మా ఆయన హార్మోనియం, మరిది డోలక్, అత్తమ్మ చిడతలు. మామయ్య చేతిలో తాళాలు. ముందు పాట మామయ్యది. వెనక పాట మా అందరిదీ.

ఎక్కువ పాటలు ఆయన సొంతంగా కట్టుకున్నవే. అందులో ఒకటి ఊరంతటికీ వచ్చు.

*ఇంటిల్లిపాది పిలువంగ ఎక్కడికి పోతావు రామా,*
*గంటెడు గంజి మా కాడ కలిసి తాగి పోవయ్య రామా.*

కొత్తగా కాపురానికి వచ్చిన వారం నేను తలుపు వెనక నిలబడ్డాను. మా పుట్టింట్లో దేవుడికి దండం పెట్టి కొబ్బరికాయ కొట్టడమే గానీ పాడటం లేదు. పైగా మామగారి ముందు కూర్చోవడమే కొత్త. ఆయన పాట మధ్యలో ఆపకుండానే చేత్తో రమ్మన్నారు. పాట అయ్యాక, "నాకు పాడటం రాదు మామయ్యా," అన్నాను.

"చప్పట్లు రావా బిడ్డా?"

"వస్తాయి."

"కొట్టు మరి. చప్పట్లకు సుతి అక్కర లేదు."

కొన్ని వారాలు చప్పట్లే కొట్టాను. తర్వాత వెనక పాటలో నా గొంతు ఎప్పుడు కలిసిందో నాకే తెలియదు. ఒకసారి చరణం తప్పు పాడి సిగ్గుతో ఆగిపోయాను. డోలక్ ఆగింది, హార్మోనియం కూడా ఆగింది. మామయ్య నవ్వి, "తప్పు పోతె పోనీ, ఆగకు. నువ్వాగితె నీ పక్కోడు ఆగుతడు," అన్నారు. ఆ మాట మా పిల్లలు బడిలో పద్యం అప్పజెప్పేటప్పుడు కూడా గుర్తు చేసుకుంటారు.

ఆయనకు దేవుడి దగ్గర బిడియం లేదు. ఒక ఏడు చర్ల వైపు చుట్టాలింట్లో భజన ముగించుకుని ఎడ్లబండి మీద వస్తుంటే క్యాంపు పోలీసులు ఆపారు. అడవిలో నక్సలైట్ల కోసం గాలిస్తున్న ఆ రోజుల్లో ఆ దారిలో ఎవరినీ ఆపకుండా వదిలేది అరుదు. ఒక జవాను హార్మోనియం పెట్టె చూపించి తన భాషలో ఏదో గద్దించాడు. మా ఆయన భయపడుతూ మూత తియ్యబోయాడు. మామయ్య చెయ్యి పట్టుకుని ఆపి, "తీసి చూపిచ్చుడెందుకు, వాయించి చూపియ్యి," అన్నారు. రోడ్డు మీదే, పట్టపగలు, పాట ఎత్తుకున్నారు. ఆ జవాను కాసేపు బిగుసుకుని నిలబడి, మెల్లగా తుపాకీ భుజానికి తగిలించుకుని చప్పట్లు కొట్టాడు. బండి కదిలాక మామయ్య, "వాళ్లింట్ల గూడ ఎవరో పాడుతుంటరు పాపం," అన్నారు.

అంతటి గొంతు బొంగురు పోవడం మొదలైంది. మొదట ఏకాహం భజనలో పగలూ రాత్రీ పాడారు, అందుకే అనుకున్నాం. మిరియాల కషాయం అయింది, భద్రాచలం దవాఖానా అయింది. అక్కడినుంచి హైదరాబాద్ పంపారు. గొంతులో పుండు ముదిరిందని, స్వరపేటిక తీసేస్తేనే మనిషి దక్కుతారని డాక్టర్ చెప్పారు. మా ఆయన బయటికి వెళ్లి గోడకు తల ఆనించి ఏడ్చాడు. మామయ్య మాత్రం, "తీసినంక అన్నం తినొచ్చా సారూ?" అని అడిగారు. తినొచ్చన్నారు. "తాళం కొట్టొచ్చా?" అని అడిగారు. డాక్టర్‌కు అర్థం కాలేదు. అత్తమ్మకు అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపమని సైగ చేసి, ఆ బొంగురు గొంతుతోనే మా అందరి వైపు చూసి, "శనివారం ఆపకుండ్రి," అన్నారు. ఆయన నోటి నుంచి మేం విన్న చివరి మాట అది.

చివరి మాట అయితే విన్నాం గానీ, ఆపాం. ఎవరికి మనసొప్పుతుంది? ఆయన దవాఖానాలో ఉన్నన్ని వారాలు వసారాలో దీపం పెట్టి దండం పెట్టుకుని లేచిపోయాం. ఆయన ఇంటికి వచ్చారు. మెడ మీద చిన్న రంధ్రం, ఊపిరి అందులోంచే. దుమ్ము పడకుండా దాని మీద పల్చటి గుడ్డ, గుడ్డ మీద కండువా. మాట లేదు. పెదవులు కదిలిస్తే మేం చదువుకోవాలి.

మొదటి శనివారం మా ఆయన ఒక పని చేశాడు. ఎవరో పాత భజనలో మామయ్య పాటలు క్యాసెట్ చేసి ఉంచారట. అది వెతికి తెచ్చి, దీపం పెట్టాక టేప్ రికార్డర్‌లో వేశాడు. ఖంగుమనే ఆ గొంతు వసారా నిండింది. అత్తమ్మ కళ్లు మూసుకుంది. మేమంతా తలలు వంచుకుని వింటున్నాం. ఒక్కరి చెయ్యీ చప్పట్లకు లేవలేదు. మామయ్య కూడా ఒక పాట పూర్తిగా విన్నారు. బాగుందన్నట్టు తలూపారు. తర్వాత వంగి టేప్ ఆపేశారు.

మూలన ఉన్న డోలక్ తెచ్చి మరిది ఒళ్లో పెట్టారు. హార్మోనియం మా ఆయన ముందుకు జరిపారు. చిడతలు అత్తమ్మకు అందించారు. తాళాలు తీసుకుని నా వైపు తిరిగి, గడ్డం పైకెత్తి, 'ఎత్తు' అన్నట్టు చూశారు.

"నేనా? ముందు పాటా? నా వల్ల కాదు మామయ్యా. ఆయన పాడతారు," అన్నాను మా ఆయన్ని చూపిస్తూ.

మామయ్య తల అడ్డంగా ఊపారు. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మా పోరగాళ్లకు వాయించుడొచ్చు గని పాడుడు రాదు బిడ్డా. నువ్వు వెనక పాడుతుంటె ఈయన ముందు పాట ఆపి వినేది. నేను చూసిన. ఎత్తు."

ఎత్తుకున్నాను. మొదటి చరణంలోనే గొంతు వణికింది, శ్రుతి తప్పింది. తాళం ఆగలేదు. టింగుమని ఇంకాస్త గట్టిగా మోగింది. రెండో పాటకు పక్కింటివాళ్లు వచ్చి కూర్చున్నారు. ఆ సాయంత్రం పాటలు అయ్యాక మామయ్య లేచి తన చేత్తో నాకు మొదట గుగ్గిళ్లు పెట్టారు. ఆ రుచి చెప్పడం నాకు రాదు.

అట్లా ఇంట్లో ముందు పాట నాదైంది. ఊరివాళ్లకూ అలవాటైంది. కానీ మరుసటి శ్రావణంలో చర్ల దారిలో ఉన్న ఒక పెద్ద ఊరి రామాలయంలో ఏకాహానికి పిలుపు వచ్చింది. ఏకాహమంటే ఒక పగలూ ఒక రాత్రీ దీపం చుట్టూ తిరుగుతూ రామనామం పాడటం. జట్లు మారుతుంటాయి గానీ నామం తెగకూడదు, తెగితే ఊరికి మంచిది కాదని నమ్మకం. సాయంత్రం దీపం వెలిగించే వేళకు మేం ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఏకాహం నడిపే ఆ ఊరి పెద్దాయన మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టి, ముందు పాట ఎవరిదని అడిగాడు. మా ఆయన నన్ను చూపించాడు.

"ఆడోళ్లు వెనక పాడుతరు గని ముందు ఎత్తుడేంది? మా కాడ గట్ల లేదు," అన్నాడాయన.

మా ఆయనకు కోపం వచ్చింది. "లే, పోదాం," అన్నాడు. మామయ్య అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టమని సైగ చేశారు. పందిట్లో ఒక పక్కన కూర్చుని, ఎవరో పాడుతున్న నామానికి చప్పట్లు కొడుతూ ఉన్నాం. నాకు అవమానంగానే ఉంది. మామయ్య ముఖంలో మాత్రం అదేమీ లేదు. దీపాన్ని చూస్తూ కొడుతున్నారు.

మర్నాడు ఉదయానికి వాన దంచింది. తర్వాత పాడాల్సిన జట్టు వాగు పొంగి అవతలే చిక్కుకుపోయింది. తెల్లవారక ముందు నుంచి తిరుగుతున్న జట్టు అలిసిపోయింది. ముందు పాడేవాడికి దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. వెనకవాళ్ల గొంతులు పీలగా అయిపోయాయి. పందిట్లో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు.

మామయ్య లేచారు. తాళాలు పట్టుకుని నేరుగా దీపం దగ్గరికి నడిచారు. పోతూ పోతూ మమ్మల్ని రమ్మని చూశారు. పెద్దాయన అడ్డం వచ్చాడు. "పెద్దయ్యా, నేను చెప్పిన గద..."

మామయ్య నిలబడ్డారు. మెడ మీది కండువా తీశారు. గుడ్డ పక్కకు జరిపి ఆ రంధ్రం చూపించారు. పందిరిలో ఆడవాళ్లు అయ్యో అన్నారు. ఆయన తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతినే చాచి నన్ను చూపించారు.

అత్తమ్మ వెనక నుంచే గట్టిగా అంది: "ఆయన గొంతు గామెనే నాయినా! తప్పుకో, నామం తెగుతది!"

పెద్దాయన తప్పుకున్నాడు. ముందు పాడేవాడి దగ్గు మధ్యలోంచి నామం జారిపోతుండగా నేను అందుకున్నాను. మామయ్య తాళం, మరిది డోలక్, మెడకు తగిలించుకున్న హార్మోనియం మీద మా ఆయన వేళ్లు, అత్తమ్మ చిడతలు అన్నీ ఒక్కసారి కలిశాయి. దీపం చుట్టూ తిరిగాం. తడి గాలికి వత్తి రెపరెపలాడింది గానీ ఆరలేదు. కాసేపటికి పందిట్లో ఆడవాళ్లు లేచి వెనక వరసలో చేరారు. నా వెనకే ఒక బరువైన మగ గొంతు మొదలైంది. తిరిగి చూస్తే ఆ పెద్దాయన, చేతులు పైకెత్తి పాడుతున్నాడు! నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి, పాట ఆగలేదు. వాగు తీసి ఆ జట్టు మోకాళ్ల దాకా బురదతో వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మేం పాడుతూనే ఉన్నాం.

ప్రసాదం పళ్లెం ఆ పెద్దాయనే తెచ్చి మొదట మామయ్యకు పెట్టాడు. "వచ్చే ఏడు మొదలు ఎత్తేది మీ ఇంటోళ్లే. అవ్, ఈ బిడ్డే ఎత్తాలె," అన్నాడు. తిరుగు ప్రయాణంలో ట్రాక్టర్ ట్రాలీలో, తడిసి ముద్దైన బట్టలతో, మామయ్య తాళం ఆపితే కదా మేం ఆపడానికి. దారిలో పొలాల్లో నాటు వేసేవాళ్లు నడుములెత్తి చూశారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. పిలవాలంటే రెండు చప్పట్లు. కోపం వస్తే ఒక్క తాళం దెబ్బ. మిరపకాయలు ఏరేటప్పుడు ఆ ఘాటు ఆయనకు పడదని కల్లం దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు. గాలికి ఎదురు పక్కన, దూరంగా చెట్టు కింద కూర్చుని, మా పాటకు అక్కడినుంచే తాళం వేసేవారు. మరిదికి పెళ్లయి తోటికోడలు వచ్చింది. ఆమెకు ఆయన మొదట అందించింది చిడతలే. అత్తమ్మ సంతోషంగా ఇచ్చేసి చప్పట్లకు మారింది.

నేను ఇల్లు చేరేసరికి మర్నాడు తెల్లవారింది. వసారాలో పడుకోబెట్టారు. మెడ మీద కండువా శుభ్రంగా మడిచి వేసి ఉంది. ఊరంతా వచ్చింది గానీ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అత్తమ్మ నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా. నీ కోసమే ఉన్నడు. ఎత్తు," అంది. ఏడ్చి ఎత్తుదామనుకున్నాను. ఆయన మాట గుర్తొచ్చి, ఏడుస్తూనే ఎత్తుకున్నాను. గంజి పాటే ఎత్తుకున్నాను. తప్పులు పోయాయి. పక్కవాళ్లెవరూ ఆగలేదు.

గోదావరి ఒడ్డు దాకా పాడుకుంటూనే నడిచాం. అక్కడ చితి పేరుస్తుండగా, భద్రాచలం నుంచి పర్ణశాలకు యాత్రికుల్ని తీసుకుపోయే లాంచీ నది మధ్యలోకి వచ్చింది. చెట్ల చాటున ఉన్న పాడె వాళ్లకు కనిపించి ఉండదు. పాట మాత్రం వినిపించింది. లాంచీ నడిపేవాడు ఇంజిన్ ఆపేశాడు. నది మీద మా పాట ఒక్కటే మిగిలింది. అంతలో, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆ కొత్త గొంతులు మా వెనక పాట అందుకున్నాయి. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, తలపాగా చుట్టిన ముసలివాళ్లు, అందరూ రెయిలింగ్ దగ్గరికి వచ్చి చప్పట్లు కొడుతున్నారు. నేను చరణం పాడితే నీళ్ల మీదుగా జవాబు వస్తోంది. ఇంజిన్ లేకుండానే లాంచీ, ప్రవాహానికి మెల్లగా పక్కకు తిరుగుతూ, పాడుతూ కిందికి సాగిపోయింది.