పెద్దమ్మ చెవీ, అల్లుడి మిల్లూ

పెద్దమ్మ చెవి మామూలు చెవి కాదు. గోడ అవతల పక్కింటావిడ డబ్బా కదిపితే చాలు, లోపల పంచదార ఎన్ని చెంచాలుందో ఇవతలనుంచే చెప్పేది. నమ్మనివాళ్ళు వెళ్ళి కొలుచుకుని, నోరు మూసుకుని తిరిగొచ్చేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ప్రయోగశాలలో కల్వం ముందు కూర్చుని పొడులు నూరుతూ, ఆ చప్పుడుకే పదునెక్కిన చెవి అది. చేతులే పాపం, అరిగిపోయాయి. బొటనవేళ్ళ కీళ్ళు వాచి, మంచినీళ్ళ గ్లాసు కూడా నిలిచేది కాదు.

అప్పుడొచ్చింది యంత్రం. కొత్త పదార్థానికి పాళ్ళు తానే ఆలోచించి, పొడులు తానే తూచి, మిల్లులో నూరి, బిళ్ళ కట్టి, ఫర్నేస్‌లో కాల్చి, ఎక్స్‌రేతో చూసుకుని, తప్పితే మరో దారి తానే వెతుక్కునేది.

"గాజు గదిలో కూర్చుంటాడు, ఎవరి మాటా వినడు. అల్లుడు కాక ఇంకేంటి?" అంది పెద్దమ్మ. ఆ పేరే నిలిచిపోయింది.

బ్యాటరీలకు పనికొచ్చే ఒక పదార్థం కోసం అల్లుడు నలభై ఒక్కసార్లు తంటాలు పడ్డాడు. వేడి మార్చాడు, పాళ్ళు మార్చాడు. ప్రతిసారీ కల్తీ బిళ్ళే. శుక్రవారానికి ఒక్క మంచి బిళ్ళ చూపించకపోతే యంత్రాన్ని విప్పి పంపేస్తామన్నాడు డైరెక్టరు. మూడేళ్ళు కష్టపడి దాన్ని కట్టిన ఇంజనీరమ్మాయి ముఖం మాడిపోయింది. పెద్దమ్మ గుండెలోనూ రాయి పడింది. అల్లుడు పోతే కల్వం మళ్ళీ తన చేతికే.

బుధవారం మిల్లు ఆగబోతుంటే పెద్దమ్మ గాజు తలుపుకి చెవి ఆనించింది.

"అమ్మాయ్, ఆగనివ్వకు. ఇంకా నలగలేదు."

"ఇరవై నిమిషాలూ అయిపోయాయి పెద్దమ్మా."

"అయింది గడియారానికి. పొడికి కాదు. ముసురు పట్టిన రోజు ఇది ఉండ కడుతుంది. గరగరమంటోంది, వినబడట్లా?"

"నాకు మిల్లు మోతే వినబడుతోంది."

"మరి ఆ చెవులెందుకే, కమ్మలు పెట్టుకోడానికా!"

అమ్మాయి నవ్వింది కానీ, వెంటనే మిల్లుకి మైకు అంటించింది. ఆ రోజంతా పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని "ఊహూఁ... ఊహూఁ... ఆఁ, ఇప్పుడు" అంటూనే ఉంది. పన్నెండు గిన్నెల పొడి అలా నలిగింది. ఆమె "ఇప్పుడు" అన్నప్పుడల్లా అమ్మాయి మిల్లు ఆపే మీట నొక్కింది. ఆ చప్పుళ్ళే అల్లుడికి పాఠాలయ్యాయి. ఇకమీదట ఎంతసేపు నూరాలో అతనే తేల్చుకోవాలి.

గురువారం పొద్దున్నే మిల్లు తిరిగింది. ముప్పై నాలుగో నిమిషంలో పెద్దమ్మ "ఆఁ, ఇప్పుడు" అంది.

అల్లుడు ఆగలేదు.

"మొండిఘటం! పాఠం చెప్పినా వినడే!"

అమ్మాయి చెయ్యి మీట మీదకి వెళ్ళింది. "ఆపెయ్యనా?"

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. అడుగున ఎక్కడో ఇసుక రేణువంత గరుకు. తను వదిలేసింది. అల్లుడు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి. వాణ్ణి పని చేసుకోనీ."

ముప్పై ఎనిమిదో నిమిషంలో మిల్లు తనంతట తానే ఆగింది.

శుక్రవారం, కాలి చల్లారిన బిళ్ళని అల్లుడు ఎక్స్‌రే కింద పెట్టాడు. తెర మీద గీతలు లేవాల్సిన చోటే లేచాయి. కల్తీ చూపే గీత ఒక్కటంటే ఒక్కటి లేదు. డైరెక్టరు కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండుసార్లు చూశాడు. "దీన్ని ఇక్కణ్ణుంచి ఎవరూ కదపొద్దు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అమ్మాయి పెద్దమ్మని వాటేసుకుంది. "నీ చెవినే మించిపోయాడు కదే పెద్దమ్మా!"

పెద్దమ్మ వాచిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, స్టూలు మీద దర్జాగా గోడకి వాలింది.

"మించడా మరి? ఎవరి దగ్గర నేర్చుకున్నాడు!"